బడి కబురు మా గడప లోపలికి రావాలి

ఒడిశాలోని గజపతి జిల్లా సరిహద్దు గ్రామాల పాఠశాల నిర్వహణ కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ

అక్కలకు, అన్నలకు నమస్కారం.

మా పెద్దమ్మాయి ఈ ఏడు రెండో తరగతి. చిన్నవాడు వచ్చే ఏడు బడిలో చేరతాడు. నా పుట్టిల్లు ఆంధ్రలో టెక్కలి దగ్గర. తెలుగు బడిలో పదో తరగతి వరకు చదివాను. పెళ్లయి గోసాని బ్లాకులోని ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఒడియా వింటే అర్థమవుతుంది, పర్లాకిమిడి బజారులో బేరమాడేంత మాట్లాడగలను. చదవడం మాత్రం మొన్న మొన్నటిదాకా రాలేదు. మా వీధిలో నాలాంటి కోడళ్లు ఇంటికొకరున్నారు. మహేంద్రతనయ నది అవతలి నుంచి పిల్లను తెచ్చుకోవడం, ఇవతలి పిల్లను అవతలికి ఇవ్వడం ఇక్కడ తరతరాల మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినా, వియ్యాలు మాత్రం ఆగలేదు. మీ ఇళ్లలోనూ ఇంతే కదా. అందుకే ఈ ఉత్తరం అధికారులకు కాక ముందుగా మీకు రాస్తున్నాను.

పోయిన వర్షాకాలంలో ఒకరోజు మా అమ్మాయి సంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. నాలుగు వరుసల ఒడియా, కింద బడి ముద్ర. ఏమిటమ్మా ఇది అంటే "గురుమా ఇంట్లో ఇమ్మన్నారు" అంది. గురుమా అంటే ఇక్కడ పంతులమ్మ. సెలవు సంగతేమో అనుకున్నాను. అయినా మనసాగక ఫోటో తీసి మా ఆయనకు పంపాను. ఆయన సూరత్‌లో మరమగ్గాల పని చేస్తారు. ఆ వారం రాత్రి పని. మర్నాడు సాయంత్రం నిద్ర లేచి ఫోటో చూసి ఫోను చేశారు. చదవడంలో వెనకబడిన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడతామని, తప్పక రావాలని అందులో ఉందట. ఆ సమావేశం ఆ రోజు ఉదయమే అయిపోయింది.

మా వీధిలో అలాంటి కాగితం అందుకున్న తల్లులం నలుగురం. నలుగురం వెళ్లలేదు. ఒకరు దాన్ని దేవుడి పటం వెనక దాచారు, ఒకరింట్లో అది చొక్కా జేబులోనే తడిసి ముద్దయింది. తర్వాత గురుమా దారిలో కనిపించి, "ఎన్నిసార్లు పిలిచినా మీ వీధివాళ్లు రారేమిటి, పిల్లల చదువు మీకు పట్టదా" అన్నారు. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె రాయవలసిన కాగితం రాసి పంపారు. చదవగలిగిన మనిషి ఇంట్లో లేడన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పవలసినవారు మీరు.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని అందులో రాశారు. ఆ పక్కనే ఉపాధ్యాయులకు కూడా ఒక బాధ్యత పెట్టారు. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ముందడుగు గురించి తెలియజేయాలి. తెలియజేయడం అంటే ఇవతలివాళ్లకు తెలియాలి. చదవలేని కాగితం చేతిలో పెట్టినంత మాత్రాన తెలియజేసినట్టు కాదు. కమిటీలో మనవాళ్లు అంతమంది ఉండాలని చట్టం ఎందుకు కోరిందో ఒక్కసారి ఆలోచించండి. గోడ కట్టడానికీ, భోజనం లెక్క చూడడానికీ మాత్రమే అయితే అంతమంది తల్లులు ఎందుకు? బడికీ ఇంటికీ మధ్య మాట నడవాలనే కదా.

తెలుగు మాధ్యమం కావాలని నేను అడగడం లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉందని తెలుసు. ఆ సంగతి మాట్లాడవలసిన చోట పెద్దలు మాట్లాడతారు. ఇక్కడ పుట్టి ఇక్కడ బతికే పిల్లలు ఒడియా చక్కగా చదవాలి, రాయాలి, తోటిపిల్లలతో సమానంగా నిలవాలి. నా కోరికా అదే. ఆ ఒడియా చదువుకు ఇంటినుంచి చేయగలిగిన సాయం మాకు చేతనవును. ఏం చేయాలో తెలిసే దారి మాత్రం మూసుకుపోయి ఉంది.

నా మనసులో ముల్లులా ఉన్న ఇంకొక మాట చెప్పుకోవాలి. తర్వాతి నెల సమావేశానికి పనులన్నీ మానుకుని వెళ్లాను. మీ పిల్ల ఒడియాలో వెనకబడడానికి కారణం ఇంట్లో తెలుగు, ఇకనుంచి ఇంట్లో ఒడియాయే మాట్లాడండి అని సలహా ఇచ్చారు. పిల్ల బాగుపడుతుందంటే ఏ తల్లి కాదంటుంది? సరేనన్నాను. నాకు వచ్చిన ఒడియా ఎంత? రా, పో, తిను, నీళ్లు, బియ్యం, ధర ఎంత. రెండు నెలలపాటు నా బిడ్డతో నేను మాట్లాడినవి ఆ మాటలే. రాత్రి కథ ఆగిపోయింది, ఎందుకంటే నాకు కథలన్నీ తెలుగులోనే వచ్చు. అంతకుముందు బడినుంచి రాగానే సంచి గుమ్మంలో పడేసి ఎవరు కొట్టుకున్నారో, ఎవరి పలక పగిలిందో, అన్నంలో గుడ్డు పెట్టారో లేదో ఊపిరి తిప్పుకోకుండా చెప్పే పిల్ల, రానురాను వచ్చి మూల కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం జ్వరంతో పడుకుని "అమ్మా, ఇప్పుడు తెలుగులో చెప్పొచ్చా" అని అడిగింది. ఆ రోజుతో ఆ సలహాను పక్కన పెట్టాను.

అలాంటి సలహా ఇంకే తల్లికీ ఇవ్వకుండా కమిటీలో ఒకసారి గట్టిగా మాట్లాడండి. ఇచ్చేవారు మంచి ఉద్దేశంతోనే ఇస్తున్నారు, నాకు తెలుసు. కానీ తల్లికి సరిగా రాని భాషలో పెంపకం జరిగితే బిడ్డకు అరకొర భాషే అందుతుంది. పొయ్యి దగ్గర తెలుగులో ఎందుకు, ఎలా, ఆ తర్వాత ఏమైంది అని వందసార్లు అడిగి పెరిగిన పిల్ల, బడిలో ఆ ప్రశ్నలనే ఒడియాలో అడగగలుగుతుంది. ఆలోచన ఒక భాషలో బలపడితే రెండో భాష దాన్ని అందుకుంటుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది.

ఈ మాటకు పర్లాకిమిడిలో వేరే సాక్ష్యం వెతకనక్కరలేదు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పల్లెలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. అంతకంటే ముందు ఆయన పట్టుకున్నది సవర భాష. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకు చదువు చెప్పాలంటే వాళ్ల మాట తనకు రావాలని, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట ఉంచుకుని నేర్చుకున్నారు. వాళ్ల కోసం వాచకాలు రాశారు, బడులు పెట్టించారు, వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. సవరలను తెలుగు నేర్చుకుని రమ్మనలేదు, తానే వాళ్ల దగ్గరికి వెళ్లారు. ఒడిశా ప్రభుత్వం కూడా ఆ తర్వాత సవరతో సహా పలు గిరిజన భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పించే కార్యక్రమం నడిపింది. అంత పని జరిగిన నేల మీద, వారానికి ఒక కబురు తల్లికి తెలిసిన మాటలో చెప్పడం పెద్ద పనేమీ కాదు.

సలహా పక్కన పెట్టాక నేను చేసింది, నా కూతురి దగ్గర ఒడియా అక్షరాలు దిద్దడం. ఇక్కడి ఇళ్లలో వినాయక చవితినాడు పిల్లలకు ఖడి, అంటే బలపం, పట్టిస్తారు. పలక మీద మొదట మూడు గుండ్రాలు, బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులని. మా పుట్టింట్లో వసంత పంచమినాడు బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారు. మా అమ్మాయికి రెండూ చేశాం. ఆ పలకే బయటికి తీసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఒడియాలో 'ఠ' అక్షరం ఉత్త గుండ్రం, అచ్చం మన సున్నా. దాని పుస్తకంలో 'పాఠ' అని ఉన్న చోట నేను 'పాం' అని చదివాను. "అమ్మా, అది సున్నా కాదు, ఠ" అని వేలు పెట్టి చూపించింది. అది చూపిస్తున్నప్పుడు దాని వెన్ను నిటారుగా ఉంది. తరగతిలో వెనక వరుసలో కూర్చునే పిల్ల.

అలా రోజూ కూర్చుంటే, వెనకబడింది అని రాసిన మాటకు లోపల అసలు సంగతి ఏమిటో కంటికి కనిపించింది. ఒడియాలో 'అ' పలుకు మన చెవికి దాదాపు 'ఒ'లా వినిపిస్తుంది. పుస్తకంలో 'ఘర' అని ఉంటుంది, నోట 'ఘొరొ' అని వస్తుంది. మా అమ్మాయి ఉక్తలేఖనంలో విన్నది విన్నట్టు రాసి, ప్రతి అక్షరానికీ ఓత్వం పెట్టేసింది. నోటుపుస్తకం నిండా ఎర్ర సున్నాలు. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది కాబట్టే ఆ తప్పు చేసింది. 'ఒ' అనే పొట్టి పలుకు దాని ఇంటి భాషలో ఉంది, దానికొక గుర్తు ఉంది, ఆ గుర్తు పెట్టింది. ఈ ఒక్క విషయం గురుమాకు చెప్పగానే ఆమె ఆశ్చర్యపోయి, మరునాడు తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలందరినీ పిలిచి విడమరిచి చెప్పారు. వారంలో సగం తప్పులు పోయాయి. నా మాట ఆమెకు, ఆమె మాట నాకు అందిన మొదటి రోజది. అప్పటికే ఆరు నెలలు వృథా అయ్యాయి.

మన భాష పిల్లలకు మేలు చేసే చోట్లు కూడా ఉన్నాయి. ణ, ళ పలకడానికి మన పిల్లలు తడుముకోరు, ఒడియాలో అవి రెండూ ఉన్నాయి. లెక్కల్లో ఇంకా పెద్ద మేలు ఉంది. ఒడియాలో ఇరవై ఒకటిని 'ఎకోయిశి' అంటారు, ముప్పై రెండును 'బతిశి' అంటారు. ఒకట్లు ముందు, పదులు వెనక, రెండూ కలిసిపోయి ఒకే మాట. చిన్నపిల్లకు అందులో పదులేవో ఒకట్లేవో విడిగా వినిపించవు. మనం ఇరవై ఒకటి, ముప్పై రెండు అంటాం. రాసే వరసలోనే పలుకుతాం. పదుల స్థానం, ఒకట్ల స్థానం మాటలోనే ఉన్నాయి. నేను చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, విడి పుల్లలు పక్కన పెట్టి తెలుగులో లెక్క పెట్టించాను. మూడు కట్టలు, రెండు పుల్లలు, ముప్పై రెండు. అది కుదిరాక, "మీ బడిలో దీన్ని ఏమంటారు" అని అడిగితే 'బతిశి' అని తానే చెప్పి, ఒడియా అంకెల్లో రాసి చూపింది. వంద దాటాక చింతపిక్కలతో నడిపించాం. పైసా ఖర్చు లేదు.

అమ్మలూ, ఇది మీకు కూడా చెబుతున్నాను. చదువు రాని తల్లి కూడా పిల్ల చదువులో కూర్చోవచ్చు. కూర తరుగుతూ, పిల్ల చేత ఒడియా పాఠం గట్టిగా చదివించండి. చదవడం అయ్యాక పుస్తకం మూయించి, "ఇందులో ఏముంది, నాకు తెలుగులో చెప్పు" అనండి. చెప్పలేకపోతే అక్షరాలు నోటికి వచ్చాయి కానీ పాఠం తలకెక్కలేదని అర్థం. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026–27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లా చదవడం, లెక్క చేయడం నేర్చుకోవాలన్నది దాని లక్ష్యం. అందులోనూ చదివినది అర్థం కావాలనే ఉంది. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని లెక్కపెడతారు కాబట్టి మన పిల్లలు గడగడా చదివేస్తారు, మనం మురిసిపోతాం. మా అమ్మాయి ఒక పేజీ తప్పులేకుండా చదివి, అందులో ఆవు ఉందో మేక ఉందో చెప్పలేకపోయింది. ఆ రోజు దానికి అందని మాటలు నాలుగే. ఆ నాలుగూ పక్కింటి ఒడియా అత్తగారిని అడిగి తెలుసుకుంటే పేజీ అంతా విచ్చుకుంది.

ఊళ్లకు వెళ్లినప్పుడు బోర్డులు చదివించండి. పాతపట్నం స్టేషనులో పేరు తెలుగులో ఉంటుంది, అదే రైలు పర్లాకిమిడి చేరేసరికి ఒడియాలో ఉంటుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లకు అంతకంటే మంచి వాచకం లేదు. మాఘమాసం పెళ్లిళ్లకని అవతలికి వెళ్లి పిల్లలను వారం, పది రోజులు బడి మాన్పించడం మాత్రం తగ్గించుకుందాం. ఇది మన తప్పే, బడి మీద పెట్టలేం.

ఇక మీతో పని. బడి నుంచి ఏ నోటీసు వచ్చినా ఒడియాలోనే రానివ్వండి, అది రాష్ట్ర భాష, బడి భాష. దానితోపాటు వాట్సాప్ గుంపులో అర నిమిషం మాట తెలుగులో పెట్టించండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏం తేవాలి, ఎందుకు రావాలి, అంతే. ఫోను లేని ఇళ్లకు పై తరగతి పిల్ల ఒకరు వెళ్లి చెప్పేలా చూడండి. సమావేశంలో రెండు భాషలూ వచ్చిన మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. మన ఊళ్లలో అలాంటివాళ్లకు కొదవ లేదు. నాట్ల రోజుల్లో పొద్దున పదింటికి సమావేశం పెడితే చేను వదిలి ఎవరూ రాలేరు, సాయంత్రానికి మార్చమని ప్రధానోపాధ్యాయులను మీరే అడగగలరు.

వీటన్నిటికంటే నాకు విలువైనది ఇంకొకటి ఉంది. ప్రతి సోమవారం, ఈ వారం ఏ తరగతిలో ఏ పాఠం, లెక్కల్లో ఏం నేర్పుతున్నారు అన్నది ఒక్క వాక్యంలో చెప్పించండి. బడి నుంచి మాకు వచ్చే కబుర్లన్నీ సెలవులు, ఆధార్ కాగితాలు, బ్యాంకు ఖాతాలు, బట్టల కొలతలు. అవీ కావాలి. కానీ నా బిడ్డ ఈ వారం ఏం నేర్చుకుంటోందో ఏడాది పొడవునా ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. తీసివేత నేర్పుతున్నారని తెలిస్తే దుకాణానికి పంపి చిల్లర లెక్క అడుగుతాను. చెట్ల పాఠమైతే పెరట్లోకి తీసుకెళ్లి వేపకు, గానుగకు తేడా చూపుతాను. వాన గురించి అయితే మా నాన్న వంశధార వరద చూసిన కథ నా దగ్గర ఉంది, రాత్రికి అదే చెబుతాను.

ఆ అర నిమిషం మాట ఎవరు చెబుతారని మీరు అడగవచ్చు. మా బడికి నేను చెబుతాను. కాగితంలో ఏముందో ఎవరైనా ఒడియాలో చదివి వినిపిస్తే చాలు, ఆ పూటే తెలుగులో చెప్పి పంపుతాను. కష్టమైన మాటలు నాకూ ఇంకా అందవు, వాటికి మా అమ్మాయి ఉంది. మిగతా ఊళ్లలోనూ ఇలా ముందుకు వచ్చే తల్లులు ఉన్నారు, ఒకసారి అడిగి చూడండి.

వచ్చే నెల కమిటీ సమావేశానికి రావాలని ఉంది. ఏ రోజో, ఎన్ని గంటలకో దయచేసి నాకు నోటిమాటగా చెప్పి పంపండి.

ఇట్లు,
రెండో తరగతి పిల్ల తల్లి,
గోసాని బ్లాకు, గజపతి జిల్లా